ఏమీ లేకుండా ఉండొచ్చు కదా! - లైబ్నిజ్ కథ

ఈ సంచికకి ఎవరైనా గొప్పవాళ్ళ జీవితం రాయమని క్లబ్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ రాగానే అందరూ కలాం గారు, రామానుజన్, ఆర్యభట్ట అని బుక్ చేసేసుకున్నారు. నేను లైబ్నిజ్ అన్నాను. మన సీఎస్ఈ వాళ్ళకి ఈయన రెండు చోట్ల తగులుతాడు. మ్యాథ్స్ లో ఒక సిద్ధాంతం పేరుగా ఒకసారి, బైనరీ మొదలుపెట్టేటప్పుడు ఒక్క వాక్యంగా ఇంకోసారి. తర్వాత మళ్ళీ కనపడడు. నాకు ఆయన మీద ఆసక్తి కలిగింది మాత్రం వేరే కారణంతో. అసలు ఏదైనా ఎందుకు ఉంది, ఏమీ లేకుండా ఉండొచ్చు కదా అనే ప్రశ్నని సూటిగా, జవాబు వచ్చి తీరాలి అన్నట్టు అడిగిన మనిషి ఈయన. చిన్నప్పుడు మనలో చాలామందికి ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. అమ్మని అడిగితే దేవుడు చేశాడు అంటుంది. మరి దేవుణ్ణి ఎవరు చేశారు అంటే ముందు అన్నం తిను అంటుంది. మనం అక్కడితో వదిలేశాం. ఆయన వదల్లేదు.

గాట్‌ఫ్రీడ్ విల్‌హెల్మ్ లైబ్నిజ్ 1646 జులై 1న లైప్‌జిగ్ లో పుట్టాడు. ఇప్పుడది జర్మనీలో ఉంది కానీ అప్పటికి జర్మనీ అని ఒకే దేశం లేదు, చిన్నా పెద్దా సంస్థానాలు బోలెడు. 1618లో మొదలైన ముప్ఫై ఏళ్ళ యుద్ధం ఇంకా నడుస్తోంది. అది ఆగేసరికి ఆయనకి రెండేళ్ళు. యుద్ధం, ఆకలి, రోగాలు కలిసి ఆ ప్రాంతాల్లో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసేశాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నాన్న అక్కడి యూనివర్సిటీలో నీతిశాస్త్రం ప్రొఫెసర్. లైబ్నిజ్ కి ఆరేళ్ళప్పుడు పోయాడు. వెనక వదిలిన ఆస్తిలో పిల్లాడికి ఉపయోగపడింది లైబ్రరీ. బొమ్మలున్న ఒక లాటిన్ చరిత్ర పుస్తకం పట్టుకుని, బొమ్మల్ని బట్టి మాటలు ఊహించుకుంటూ, డిక్షనరీ లేకుండా లాటిన్ నేర్చేసుకున్నాడు. సబ్‌టైటిల్స్ లేకుండా కొరియన్ సిరీస్ చూసి భాష నేర్చుకున్నట్టు అన్నమాట. 14 ఏళ్ళకి యూనివర్సిటీలో చేరాడు. 20 ఏళ్ళకి లా డాక్టరేట్ అడిగితే లైప్‌జిగ్ వాళ్ళు ఇవ్వలేదు. ఆల్ట్‌డార్ఫ్ కి వెళ్ళి తెచ్చుకున్నాడు. వాళ్ళు ప్రొఫెసర్ ఉద్యోగం కూడా ఇస్తామంటే వద్దనేశాడు. ఆ 1666లోనే కాంబినేషన్ల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. మన ఆలోచనలన్నీ కొన్ని చిన్న చిన్న మూల భావాల కలయికలే అయితే, వాటికి అక్షరాల్లాంటి గుర్తులు పెట్టి, వాదించుకోవాల్సిన చోట కూర్చుని లెక్క వేసుకోవచ్చు కదా అని ఆయన ఆశ. జీవితాంతం ఆ ఆశ వదల్లేదు. ప్రతిదానికీ కారణం ఉంటుంది, ఆ కారణాన్ని మనిషి బుర్ర పట్టుకోగలదు అనే నమ్మకం ఆయనకి 20 ఏళ్ళకే వచ్చేసింది.

1672 నుంచి 1676 దాకా ప్యారిస్ లో ఉన్నాడు. ఈ నాలుగేళ్ళ గురించి నేను గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే దీని గురించి యూట్యూబ్ నిండా వీడియోలున్నాయి. హైగెన్స్ దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు, 1675లో కాలిక్యులస్ కనిపెట్టాడు. మనం రోజూ గీసే ఆ పొడవాటి ఇంటిగ్రల్ గుర్తు ఆయనదే. న్యూటన్ అంతకు దాదాపు పదేళ్ళ ముందే కనిపెట్టి అచ్చువేయకుండా దాచుకున్నాడు. దాని మీద తర్వాత పెద్ద గొడవ. 1712లో లండన్ రాయల్ సొసైటీ విచారణ కమిటీ వేస్తే దాని రిపోర్టు వెనక ఉండి రాసింది న్యూటనే. సొసైటీ అధ్యక్షుడు కూడా ఆయనే. ఇక మీరే అర్థం చేసుకోండి. కూడిక, తీసివేతలతో పాటు గుణకారం, భాగహారం కూడా చేసేలా ఒక పళ్ళచక్రాల యంత్రం డిజైన్ చేసి 1673లో లండన్ తీసుకెళ్ళి చూపించాడు కూడా. అప్పటికి అది పూర్తి కాలేదు.

తర్వాత ఉద్యోగం. 1676 చివర్లో హానోవర్ లో ఒక డ్యూక్ దగ్గర కొలువుకి చేరి, చచ్చిపోయేదాకా 40 ఏళ్ళు ఆ కుటుంబం దగ్గరే పనిచేశాడు. ముగ్గురు యజమానులు మారారు. లైబ్రరీ చూసుకోవడం, కోర్టు సలహాలు, హార్జ్ కొండల్లో వెండి గనుల్లోంచి నీళ్ళు తోడటానికి గాలిమరలు (అవి పనిచేయలేదు), ఇలా చెప్పిందల్లా చేశాడు. 1685లో ఒక ప్రాజెక్టు అంటగట్టారు: ఆ రాజకుటుంబం చరిత్ర రాయడం. పూర్వీకులు ఎంత గొప్పవాళ్ళో నిరూపిస్తే పదవి పెరుగుతుందని వాళ్ళ ఆశ. మనవాడు దాని కోసం రెండున్నరేళ్ళు వియన్నా, ఇటలీ తిరిగాడు. 30 ఏళ్ళు పనిచేసినా చరిత్ర 1005వ సంవత్సరం దాటలేదు. చివర్లో యజమాని విసుక్కోవడంలో ఆశ్చర్యం లేదు.

మా బ్రాంచ్ లో ఇలాంటి విషయాలు మాట్లాడితే ఒకటే మాట వస్తుంది, ఇవి ప్లేస్‌మెంట్ లో అడుగుతారా అని. నేను చెప్పేది ఏంటంటే, ఈ పెద్ద ప్రశ్న లైబ్నిజ్ కి కూడా ఎవరూ జీతం ఇచ్చి అప్పగించలేదు. జీతం చరిత్ర పుస్తకానికి. ఈ రాతలన్నీ గుర్రబ్బండి ప్రయాణాల్లో, ఉత్తరాల్లో, రాత్రిళ్ళు కుర్చీలోనే నిద్రపోయి లేచే మధ్యలో పుట్టాయి. తీరిక ఉన్నవాడి సరదా కాదది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1679 మార్చిలో రాసుకున్న కాగితాల్లో ఆయన 0, 1 తోనే అన్ని అంకెలూ రాసి, వాటితో లెక్కలు చేశాడు. గోళీలతో నడిచే ఒక బైనరీ యంత్రం కూడా ఊహించాడు. ఒక పెట్టెకి కన్నాలు, తెరిచి ఉంటే 1, మూసి ఉంటే 0, తెరిచిన కన్నంలోంచి గోళీ కిందికి పడుతుంది. తయారు చేయలేదు కానీ ఐడియా చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. బైనరీ రాసిన మొదటి మనిషి ఆయన కాదు. ఇంగ్లండ్ లో థామస్ హారియట్ నోట్సుల్లో అంతకుముందే ఉంది, అచ్చు కాలేదంతే. కానీ లైబ్నిజ్ దాంట్లో చూసింది ఇంకెవరూ చూడలేదు. 1697 కొత్త సంవత్సరానికి ఒక డ్యూక్ కి శుభాకాంక్షలు రాస్తూ, ఈ అంకెలతో ఒక పతకం చేయించమన్నాడు. ఒకవైపు డ్యూక్ బొమ్మ, రెండోవైపు చీకటి మీద వెలుగు పడుతున్నట్టు, దాని చుట్టూ బైనరీ పట్టిక. ఆయన భావం ఇది: సున్నా అంటే శూన్యం, ఒకటి అంటే దేవుడు. ఈ రెండింటితో అన్ని అంకెలూ వచ్చినట్టే, దేవుడు శూన్యంలోంచి అన్నిటినీ సృష్టించాడు.

చదవగానే నాకు భలే ఉంది అనిపించింది. కొంచెంసేపయ్యాక అనుమానం వచ్చింది. మనం కోడ్ లో ఖాళీ లిస్ట్ రాస్తాం. దాంట్లో ఏమీ లేదు, కానీ ఆ లిస్ట్ ఉంది, మెమరీలో దానికి చోటు ఉంది. నల్ అని రాస్తే, ఆ నల్ ని దాచుకున్న వేరియబుల్ ఉంది. సర్క్యూట్ లో 0 అన్నా కూడా అది తక్కువ వోల్టేజే, లేకపోవడం కాదు. 101 లో మధ్య సున్నా తీసేస్తే 11 అయిపోతుంది, ఐదు కాస్తా మూడవుతుంది. అంటే ఆ సున్నా ఒక స్థానాన్ని పట్టుకుని పని చేస్తోంది. పనిచేసేది శూన్యం ఎలా అవుతుంది? ఆ పతకం, ఒకటి అంటూ ఉన్నాక మిగతావి ఎలా వస్తాయో చూపిస్తుంది. ఆ ఒకటైనా ఎందుకుంది అనేది దాంట్లో లేదు.

1701లో పెకింగ్ నుంచి బూవే అనే ఫ్రెంచి పాదిరీ ఈయనకి ఉత్తరం రాశాడు. 1703లో చేరింది. లోపల చైనావాళ్ళ పాత గ్రంథం యీ చింగ్ లోని 64 గుర్తుల పటం. ఒక్కో గుర్తులో ఆరు గీతలు, ఒక్కో గీత తెగి ఉంటుంది లేదా తెగకుండా ఉంటుంది. తెగింది 0, తెగనిది 1 అనుకుంటే 0 నుంచి 63 దాకా వరసగా వచ్చేస్తున్నాయి. లైబ్నిజ్ ఎగిరి గంతేసి తన బైనరీ వ్యాసంలో ఇది కూడా చేర్చి ప్యారిస్ అకాడమీకి పంపించాడు. చైనావాళ్ళు వాటిని అంకెలుగా వాడలేదు, అది ఈయన ఉత్సాహం. అయినా తప్పుపట్టబుద్ధి కాదు. మనం టెన్త్ లో నేర్చుకున్న గురు లఘువులు కూడా ఇదే లెక్క కదా! మూడు స్థానాలు, ఒక్కోదాంట్లో U గానీ I గానీ, అందుకే య గణం నుంచి స గణం దాకా సరిగ్గా ఎనిమిది. గణవిభజన చేసి మార్కులు తెచ్చుకున్నామే తప్ప అది మూడు బిట్ల పట్టిక అని ఇంగ్లీష్ మీడియం వాడినైన నాకు ఇంజనీరింగ్ కి వచ్చాకగానీ వెలగలేదు. అన్నట్టు లైబ్నిజ్ కూడా మనలాంటి కేసే. జర్మన్లు తమ భాషలో శాస్త్రం రాసుకోవాలని వ్యాసాలు రాశాడు. తను మాత్రం ఎక్కువగా లాటిన్ లో, ఫ్రెంచిలో రాశాడు.

పతకం గురించి రాసిన 1697లోనే, నవంబర్ లో, వస్తువుల అసలు పుట్టుక గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. నా అనుమానానికి జవాబు దాంట్లో వెతికాడు. ఆయన ఉదాహరణ ఒక జామెట్రీ పుస్తకం. ఆ పుస్తకాన్ని ఇంకో ప్రతి చూసి రాశారు. ఆ ప్రతిని అంతకుముందు ప్రతి చూసి రాశారు. అలా వెనక్కి ఎంత దూరం పోయినా, అనాదిగా ఉంది అనుకున్నా సరే, అసలు ఇలాంటి పుస్తకం ఎందుకుంది అనేదానికి జవాబు రాదు. మనకైతే ల్యాబ్ రికార్డు అంటే ఇంకా బాగా అర్థమవుతుంది. జూనియర్ రికార్డు సీనియర్ ది చూసి, ఆ సీనియర్ ది వాళ్ళ సీనియర్ ది చూసి. ప్రతి రికార్డుకీ కారణం దొరుకుతుంది. కానీ మొదలే లేకుండా అన్ని బ్యాచ్ లూ ఇలాగే చేశాయి అనుకోండి. అప్పుడు ఆ ప్రయోగం, ఆ రీడింగులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఒక్కో కాపీకి కారణం తెలిసినంత మాత్రాన మొత్తానికి కారణం తెలిసినట్టు కాదు. ప్రపంచం కూడా అంతే అంటాడు ఆయన. ఇవాళ్టి స్థితికి నిన్నటి స్థితి కారణం, నిన్నటికి మొన్నటిది. ఎంత వెనక్కి తవ్వినా ఆ వరసలో జవాబు దొరకదు, వరస బయట వెతకాలి.

నాకు ఇది ఆయన చెప్పినవాటిల్లో అన్నిటికంటే బలమైన మాట అనిపిస్తుంది. బిగ్ బ్యాంగ్ తో ఈ ప్రశ్న తీరిపోయింది అనేవాళ్ళు ఈ ల్యాబ్ రికార్డు దగ్గర ఒకసారి ఆగాలి. వ్యాక్యూమ్ లోంచి కణాలు పుడతాయి అన్నా, ఆ వ్యాక్యూమ్ కి క్వాంటం సూత్రాలున్నాయి, శక్తి ఉంది. అది కూడా ఖాళీ లిస్టే.

ఆ వ్యాసంలోనే ఇంకో వింత ఊహ ఉంది. సాధ్యమయ్యేవన్నీ ఉనికిలోకి రావాలని తోసుకుంటాయట. కానీ అన్నీ ఒకదానితో ఒకటి ఇమడవు. అందుకని ఏ కలయికలో ఎక్కువ ఉనికి పడుతుందో అది గెలుస్తుంది. ఇది చక్కగా ఆప్టిమైజేషన్ ప్రాబ్లం. ఇక్కణ్ణుంచే మన ప్రపంచం సాధ్యమయ్యే ప్రపంచాలన్నింట్లో మేలైనది అనే మాట వచ్చింది. 1710లో దీని మీద ఏకంగా పుస్తకం అచ్చువేశాడు. తనతో ఇవన్నీ కూర్చుని చర్చించిన ప్రష్యా రాణి సోఫీ షార్లోట్ 1705లో చనిపోయింది, ఆ చర్చల్లోంచి పుట్టిన పుస్తకం ఇది. 1759లో వోల్టేర్ ఒక నవల రాసి ఈ సిద్ధాంతాన్ని ఉతికి ఆరేశాడు. నవ్వొచ్చే మాట నిజమే. కానీ ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో పుట్టినవాడికి ప్రపంచం ఎలా ఉంటుందో తెలియక అన్నాడు అనుకోవడం అన్యాయం. ఆయన కష్టాలు లేవు అనలేదు, వాటికి కూడా కారణం ఉండి తీరాలి అన్నాడు. ఆ మాట వినడానికి ఇంకా కష్టంగా ఉంటుంది, అది వేరే సంగతి.

ఇక 1714. ఆయనకి 68 ఏళ్ళు, వియన్నాలో ఉన్నాడు. యూజీన్ అనే యువరాజు కోసం ఒక చిన్న పుస్తకం రాశాడు. కొన్ని పేజీలే. దాంట్లో మొదట ఒక నియమం: కారణం లేకుండా ఏదీ జరగదు. ఈ నియమం ఒప్పుకున్నాక మనకి అడిగే హక్కు ఉన్న మొట్టమొదటి ప్రశ్న, ఏమీ లేకపోవడానికి బదులు ఏదో ఒకటి ఎందుకుంది? ఎందుకంటే ఏమీ లేకపోవడమే సులువు, సింపుల్. ఏదైనా ఉండాలంటేనే కదా శ్రమ. అందుకని ఉన్నదే సంజాయిషీ ఇచ్చుకోవాలి, లేనిది కాదు. తన ఉనికికి కారణం తనలోనే ఉన్నది ఒకటి ఉండాలి, అది లేకపోవడం అసాధ్యం అయ్యుండాలి, ఆ ఒక్కదాని మీద ప్రపంచం మొత్తం ఆనుకుని ఉంది, అదే దేవుడు. ఇది ఆయన జవాబు.

ఇక్కడ నాకు నాగార్జునుడు గుర్తొచ్చాడు. నాగార్జునసాగర్ కి ఎవరి పేరు పెట్టారో ఆయనే. ఆయన శూన్యత అంటే ఏమీ లేకపోవడం అని చాలామంది అనుకుంటారు. అది కాదు. ఏ వస్తువూ తనంతట తాను నిలబడదు, ప్రతిదీ వేరేవాటి మీద ఆధారపడి ఉంటుంది అని. గమనించారా, ఇద్దరూ మొదలుపెట్టింది ఒకే చోట. ప్రతిదీ ఇంకోదాని మీద ఆనుకుని ఉంది. దీన్ని చూసి లైబ్నిజ్, అయితే దేనిమీదా ఆనుకోనిది ఒకటి ఉండాలి అన్నాడు. నాగార్జునుడు, అలాంటిది ఒక్కటీ లేదు, ఆనుకోవడమే ఉంది అన్నాడు. ఎవరు రైట్ అని నన్ను అడగొద్దు. ఈ సెమిస్టర్ లో తేలేలా లేదు.

లైబ్నిజ్ శూన్యం ఎంత లోతైనదో తెలిసేది చివరి రెండేళ్ళలో. 1715-16లో న్యూటన్ తరఫున క్లార్క్ అనే ఆయనతో ఉత్తరాల్లో వాదన నడిచింది. చెరి ఐదు ఉత్తరాలు. న్యూటన్ పక్షం ప్రకారం స్పేస్ ఒక పెద్ద పెట్టె లాంటిది. వస్తువులన్నీ తీసేసినా ఖాళీ పెట్టె మిగులుతుంది. లైబ్నిజ్ ఒప్పుకోలేదు. అలాంటి పెట్టే ఉంటే, అన్ని వైపులా ఒకేలా ఉంటే, దేవుడు ప్రపంచాన్ని ఇక్కడే ఎందుకు పెట్టాడు, కొంచెం పక్కన ఎందుకు పెట్టలేదు? కారణం ఉండదు. కారణం లేనిది జరగదు. కాబట్టి పెట్టె లేదు, స్పేస్ అంటే వస్తువుల మధ్య ఉండే సంబంధాలే. వస్తువులు తీసేస్తే పెట్టె కూడా పోతుంది. అంటే నేను పైన చెప్పిన ఖాళీ లిస్ట్ న్యూటన్ ది. లిస్ట్, మెమరీ, మెషీన్ అన్నీ పోతే మిగిలేది ఏంటో, దాన్ని లైబ్నిజ్ ఎదురుగా పెట్టుకుని ప్రశ్న అడిగాడు.

నాకు ఒక్క చోట మాత్రం మింగుడుపడదు. ఏమీ లేకపోవడం సింపుల్ అనుకుందాం. సింపుల్ అయినదే ఉండాలి, మిగతావి కారణం చూపించాలి అనే రూల్ ఎక్కడుంది? నిజంగా ఏమీ లేకపోతే ఆ రూల్ కూడా ఉండకూడదు కదా. లైబ్నిజ్ మీద 1900లో ఒక పుస్తకమే రాసిన రస్సెల్, 1948లో బీబీసీ రేడియో చర్చలో ఈ ప్రశ్ననే పక్కన పెట్టేశాడు. ప్రపంచం ఉంది, అంతే, దానికి మొత్తంగా కారణం అడగడం అర్థంలేనిది అన్నాడు. రస్సెల్ వైపు వాదన బలంగానే ఉంది. కానీ అడగకు అనేది జవాబు కాదు కదా, అన్నం తిను అన్నట్టే ఉంది.

1714 ఆగస్టులో ఆయన యజమాని జార్జ్ లాటరీ తగిలినట్టు ఇంగ్లండ్ కి రాజయ్యాడు. లైబ్నిజ్ వియన్నా నుంచి హడావిడిగా వచ్చేసరికి కొలువంతా లండన్ వెళ్ళిపోయింది. తననీ రమ్మంటారనుకున్నాడు. ముందు ఆ చరిత్ర పుస్తకం పూర్తిచేయమన్నారు. తన మాట వినే పెద్దావిడ, జార్జ్ తల్లి సోఫీ, అదే ఏడాది జూన్ లో పోయింది. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. యాభై ఏళ్ళప్పుడు ఒకావిడని పెళ్ళికి అడిగితే ఆలోచించుకోవడానికి టైం కావాలందట, ఆ టైంలో ఈయనే మనసు మార్చుకున్నాడని చెప్తారు.

చర్చికి పెద్దగా వెళ్ళేవాడు కాదని హానోవర్ జనం ఆయన పేరుని వాళ్ళ యాసలో విరిచి లోవెనిక్స్ అనేవారు. దేన్నీ నమ్మనివాడు అని అర్థం. ఆ మాటలో చివరి నిక్స్ అంటే ఏమీ లేదు. జీవితమంతా ఏమీ లేకపోవడానికి ఎదురుగా నిలబడి వాదించినవాడికి ఊరు పెట్టిన పేరు అది.

1716 నవంబర్ 14న, కీళ్ళవాతంతో మంచం పట్టి, హానోవర్ లో పోయాడు. అప్పుడు రాజుగారు ఆ దగ్గర్లోనే వేటలో ఉన్నాడు. అంత్యక్రియలకి కొలువు నుంచి ఎవరూ రాలేదు. సెక్రటరీ ఎకార్ట్ అన్నీ చూసుకున్నాడు. యాభై ఏళ్ళకి పైగా సమాధి మీద పేరు కూడా లేదు.

రాజు మాత్రం ఒక పని చేయించాడు. కాగితాల్లో రాజ్యం రహస్యాలు ఏమన్నా ఉంటాయేమోనని భయపడి అన్నిటికీ సీలు వేయించాడు. అందుకే అవి చెల్లాచెదురు కాలేదు. దాదాపు 2 లక్షల పేజీలు, 1,100 మందితో నడిపిన 15,000 దాకా ఉత్తరాలు, ఇప్పటికీ హానోవర్ లైబ్రరీలో ఉన్నాయి. 2007లో యునెస్కో ఆ ఉత్తరాలని ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. అన్నిటినీ అచ్చువేసే పని మొదటి సంపుటం 1923లో వచ్చింది. పని ఇంకా నడుస్తూనే ఉంది.